ఊరు నగరమైనా కార్పొరేటర్ ఊరి మనిషే: బెంగళూరు తూర్పు వార్డుల్లో అభ్యర్థులు ఎలా తేలతారు?

క్లుప్తంగా: బెంగళూరు తూర్పు అంచున ఉన్న నిన్నటి పల్లెలు ఇవాళ కొత్త కార్పొరేషన్‌లో వార్డులు. అపార్ట్‌మెంట్లు, పీజీలు బయటి నుంచి వచ్చినవాళ్లతో నిండిపోయాయి. అయినా కార్పొరేటర్ పదవికి సిద్ధమయ్యేవాళ్లలో పాత ఊరి కుటుంబాలదే పైచేయి. చదువుకున్నవాళ్ల బద్ధకమే దీనికి కారణమనే మాట సగం నిజం. వార్డు హద్దు, రిజర్వేషన్, ఓటరు జాబితా ఈ మూడూ కలిసి, ప్రచారం మొదలుకాకముందే బరిలో ఎవరుండాలో చాలావరకు తేల్చేస్తాయి.

వర్తూరు, గుంజూరు, పాణత్తూరు, కాడుగోడి వైపు వెళ్తే రెండు లోకాలు ఒకే రోడ్డు మీద కనిపిస్తాయి. ఒక పక్క ఇరవై అంతస్తుల టవర్లు, ఆంధ్రా మెస్సులు, కడప, గుంటూరు, అనంతపురం నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల పీజీలు. ఇంకో పక్క గుడి, రావిచెట్టు కట్ట, పాత పెంకుటిళ్లు, వాటి మధ్య కొత్తగా లేచిన మూడంతస్తుల అద్దె కొంపలు. ఎన్నికల మాట వినిపిస్తే చాలు, రోడ్డు మలుపుల్లో ఫ్లెక్సీలు వెలుస్తాయి. అక్రమ ఫ్లెక్సీలు పీకేయమని హైకోర్టు 2018లోనే గట్టిగా చెప్పింది. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలకు మాత్రం ఆ సంగతి ఇంకా చేరినట్టు లేదు. వాటి మీద కనిపించే ముఖాలు దాదాపు అన్నీ రెండో లోకానివే.

టవర్లలో జనం ఎక్కువ, పోటీలో మాత్రం వాళ్లు తక్కువ. ఎందుకు?

## పల్లెలు నగరంలో కలిసిన తీరు

2007లో బెంగళూరు మహానగర పాలికె చుట్టూ ఉన్న ఏడు నగరసభలు, కెంగేరి పురసభ, 110 గ్రామాలను కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికె (బీబీఎంపీ) ఏర్పాటు చేశారు. అప్పటికి సుమారు 226 చదరపు కిలోమీటర్లున్న నగరం ఒక్క దెబ్బతో 700 దాటిపోయింది. కాగితం మీద పల్లెలు నగరమయ్యాయి గానీ నీటి పైపు, డ్రైనేజీ, ఖాతా (ఆస్తి పన్ను రికార్డు) కాగితాలు అంత వేగంగా మారలేదు. ఆ 110 గ్రామాల కోసం ఉద్దేశించిన కావేరి తాగునీటి పథకం ఐదో దశ 2024 అక్టోబర్‌లో ప్రారంభమైంది. అంటే విలీనం తర్వాత పదిహేడేళ్లకు.

పాలకమండలి కథ ఇంకా విచిత్రం. బీబీఎంపీకి జరిగింది రెండే ఎన్నికలు, 2010లో ఒకటి, 2015లో ఒకటి. రెండో పాలకమండలి గడువు 2020 సెప్టెంబర్‌లో ముగిసింది. ఆ తర్వాత వార్డులను 198 నుంచి 243 చేస్తామన్నారు, తర్వాత 225 అన్నారు. ప్రతిసారీ హద్దుల గొడవో, రిజర్వేషన్ల గొడవో కోర్టుకెళ్లింది. ఈలోగా అధికారుల పాలనే నడిచింది. చివరికి గ్రేటర్ బెంగళూరు పాలనా చట్టం వచ్చి, 2025 సెప్టెంబర్‌లో బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి. వాటి మీద ముఖ్యమంత్రి అధ్యక్షుడిగా గ్రేటర్ బెంగళూరు అథారిటీ ఉంటుంది.

తెలుగువాళ్లకు ఇది కొత్త కథేమీ కాదు. 2005లో గాజువాకను, 32 గ్రామాలను కలుపుకుని మహా విశాఖ ఏర్పడింది. 2007లో ఎన్నికలు జరిగాయి. మళ్లీ జరిగింది 2021లో. పాలకమండలి గడువు ఐదేళ్లని, అది ముగిసేలోపే ఎన్నికలు జరపాలని 74వ రాజ్యాంగ సవరణ చెబుతుంది. హద్దుల మార్పు ఆ నిబంధనకు ఎప్పుడూ సులువైన పక్కదారి అవుతోంది.

## వార్డు హద్దు: 2011 జనం, ఇప్పటి ఊరు

ఐదు కార్పొరేషన్లకు కలిపి 369 వార్డులు ఖరారయ్యాయి. పశ్చిమానికి 112, ఉత్తరానికి 72, దక్షిణానికి 72, నగర మధ్యభాగానికి (సెంట్రల్) 63, తూర్పుకు 50. కె.ఆర్.పురం, మహదేవపురలో ఎక్కువ భాగం ఉన్న తూర్పుకే అతి తక్కువ.

దీనికి కారణం సూటిగానే ఉంది. వార్డులు గీయడానికి తీసుకున్న జనాభా 2011 లెక్కలది. ఆ తర్వాత మరో జనగణన లెక్క రాలేదు కాబట్టి చట్టప్రకారం ఇంకో దారి లేదు. కానీ 2011 తర్వాత బెంగళూరులో కొత్త జనం వచ్చిపడింది ప్రధానంగా ఈ అంచుల్లోనే. నగర నడిబొడ్డులోని పాత పేటలో 2011 లెక్కకూ ఇప్పటికీ పెద్ద తేడా ఉండదు. మామిడితోట, చెరువు ఆయకట్టు ఉన్నచోట టవర్లు లేచిన వార్డులో ఆ లెక్కకు అర్థమే ఉండదు. 2011 జనాభా ప్రకారం వార్డుకు సగటున 23 వేలమంది. తూర్పు అంచులో నిజంగా ఉండేవాళ్లు అంతకంటే ఎంతో ఎక్కువ.

ఆదాయం వైపు చూస్తే కథ తిరగబడుతుంది. బీబీఎంపీ రోజుల్లో ఆస్తి పన్ను ఎక్కువగా తెచ్చిపెట్టింది ఐటీ పార్కులున్న మహదేవపుర జోనే. కాబట్టి తూర్పు కార్పొరేషన్‌లో వార్డులు తక్కువ, రాబడి ఎక్కువ. కార్పొరేటర్ సీటుకు ఇక్కడ ఇంత గిరాకీ ఎందుకో ఈ లెక్కే సగం చెబుతుంది.

## పంచాయతీ మెంబరు, బి-ఫారం

కర్ణాటకలో గ్రామ పంచాయతీకి సుమారు 400 మందికి ఒక మెంబరు ఉంటాడు. ఆంధ్రా, తెలంగాణ సర్పంచ్ ఎన్నికల్లాగే ఇక్కడా ఆ పోటీ పార్టీ గుర్తుల మీద జరగదు. మెంబరుకు ప్రతి గడపా తెలుసు. నల్లా, వీధిలైటు, మోరీ, ఖాతా కాగితం, అన్నీ పంచాయతీ ఆఫీసులోనే తేలేవి. బెళ్లందూరు లాంటి పంచాయతీ 1990ల చివరికే తన రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించి పేరు తెచ్చుకుంది. చుట్టూ ఐటీ కంపెనీలు లేస్తుంటే పల్లె పంచాయతీ పన్నులు వసూలు చేసి రోడ్లు వేసుకున్న కాలం అది.

కార్పొరేషన్ వచ్చాక నిచ్చెన మారింది. వార్డు ఎన్నిక పార్టీ గుర్తు మీద జరుగుతుంది. ఈయనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే బి-ఫారం కావాలి. దాన్ని ఇచ్చేది పార్టీ అయినా, ఎవరికివ్వాలో చెప్పే గొంతు ఎమ్మెల్యేదో, ఓడిన ఎమ్మెల్యే అభ్యర్థిదో అవుతుంది. అసెంబ్లీ ఎన్నికల్లో ఎవరు ఎన్ని ఓట్లు వేయించారన్న లెక్క అక్కడ చూస్తారు. ఊరి పెద్ద కుటుంబానికి ఈ లెక్క చూపించడం తేలిక. కులం, గుడి కమిటీ, పాల సంఘం, భూమి అమ్మకాలు, ఇళ్ల అద్దెలు, వాటర్ ట్యాంకర్ల వ్యాపారం అన్నీ ఒకే ఇంటి చుట్టూ తిరుగుతుంటాయి. సాయంత్రం ఆరింటికి అపార్ట్‌మెంట్ గేటు ముందు ఆగే ట్యాంకర్‌ను చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. ముందు అద్దం మీద ఊరి దేవత పేరు, వెనక ఓనర్ ఫోన్ నంబరు. ఆ ఓనరో, అతని తమ్ముడో, బావమరిదో ఏదో ఒక పార్టీలో టికెట్ అడుగుతున్న మనిషికి దగ్గరివాడై ఉంటాడు.

ఇంకో కారణం పెద్దగా చర్చకు రాదు. మహదేవపుర అసెంబ్లీ స్థానం 2008 నుంచి ఎస్సీ రిజర్వుడు. భూములున్న అగ్రవర్ణ, బీసీ కుటుంబాలు అక్కడ ఎమ్మెల్యే టికెట్ అడిగే వీల్లేదు. కాబట్టి వాళ్ల రాజకీయ ఆశలకు కార్పొరేటర్ పదవే దగ్గరి గమ్యం. వేరేచోట్ల కార్పొరేటర్ పదవి ఎమ్మెల్యేగిరీకి తొలిమెట్టు. ఇక్కడ చాలామందికి అదే పైమెట్టు. అందుకే ఖర్చుకూ వెనకాడరు, రెబెల్‌గా దిగడానికీ వెనకాడరు.

ఇక అపార్ట్‌మెంట్ సంఘాల నుంచి వచ్చే అభ్యర్థి సంగతి. చెరువు కాపాడాలని, చెత్త వేరుచేయాలని ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు వీళ్లలో ఉన్నారు. కానీ వీళ్ల పరిచయం టవర్ వాట్సాప్ గ్రూపు దాటడం కష్టం. ఊళ్లోవాళ్లకు వీళ్లెవరో తెలియదు. పక్క అపార్ట్‌మెంట్‌వాళ్లకూ చాలాసార్లు తెలియదు.

## రిజర్వేషన్ ఎవరిని ఆపుతుంది

ఎస్సీ, ఎస్టీలకు జనాభాను బట్టి, వెనకబడిన వర్గాలకు మూడో వంతు వరకు, అన్ని వర్గాల్లో మహిళలకు సగం. వార్డుల రిజర్వేషన్ లెక్క ఇది. వెనకబడిన వర్గాల వాటాను మళ్లీ 'ఎ', 'బి' అని విడదీస్తారు. 'ఎ'కు 80 శాతం, 'బి'కి 20. మొత్తం కుల రిజర్వేషన్ సగం దాటకూడదు. అన్ని వార్డులూ కొత్తగా గీసినవి కాబట్టి ఏ వార్డు ఎవరికి వస్తుందో పాత అనుభవంతో ఊహించలేరు. ఐదేళ్లుగా పెళ్లిళ్లకూ చావులకూ తిరిగి పేరు తెచ్చుకున్న మనిషి వార్డు ఒక్క గెజిట్‌తో మహిళకు వెళ్లిపోవచ్చు. అప్పుడు ఫ్లెక్సీలో ఫోటో మారుతుంది. భార్య ఫోటో పెద్దదవుతుంది, ఆయనది పక్కన చిన్నదవుతుంది. సర్పంచ్ భర్తల్ని చూసినవాళ్లకు ఈ ఏర్పాటు విడమర్చి చెప్పక్కర్లేదు. అలా వచ్చి సొంతంగా పని నేర్చుకుని నిలబడిన మహిళలూ ఉన్నారు. కాకపోతే పార్టీలు వాళ్లను వెతికి టికెట్ ఇవ్వడం అరుదు.

ఆంధ్రా, తెలంగాణ నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక మెలిక ఉంది. సొంత రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ లేదా బీసీ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన కర్ణాటకలో రిజర్వుడు వార్డులో నిలబడటానికి అది పనికిరాదు. ఒక రాష్ట్రంలో గుర్తించిన కులం మరో రాష్ట్రానికి వలస వెళ్లినవాళ్లకు అదే హోదా ఇవ్వదని సుప్రీంకోర్టు 1990లలోనే తేల్చింది. కాబట్టి అక్కడి నుంచి వచ్చి స్థిరపడిన మనిషికి మిగిలేది జనరల్ వార్డు. జనరల్ వార్డులో పోటీ అంటే నేరుగా ఊరి పెద్ద కుటుంబంతో పోటీ.

## అసలు ముడి ఓటరు జాబితాలో

2024 సార్వత్రిక ఎన్నికల్లో మహదేవపుర భాగమైన బెంగళూరు సెంట్రల్ లోక్‌సభ స్థానంలో పోలింగ్ సుమారు 54 శాతం. అది ఏప్రిల్ 26న. మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్. ఆ ముందు రెండు రోజులూ మారతహళ్లి, సిల్క్‌బోర్డ్ దగ్గర ఆంధ్రా బస్సులకు జనం ఎగబడ్డారు. టికెట్ దొరక్క కార్లలో బయల్దేరినవాళ్లు ఎందరో. ఆంధ్రలో ఓటింగ్ 80 శాతం దాటింది. ఐటీ జనానికి ఓటంటే బద్ధకం అనే మాట ఈ రెండు తేదీల మధ్య నిలబడదు. ఓటు వేశారు. ఇక్కడ కాదు, అంతే.

చట్టప్రకారం ఒక మనిషికి ఒకేచోట ఓటు ఉండాలి, అది మామూలుగా నివసించేచోట ఉండాలి. ఆచరణలో ఊళ్లో ఓటు తీసేయించుకోవడం చాలామందికి మనసొప్పదు. అమ్మానాన్నలు అక్కడున్నారు, రేషన్ కార్డులో పేరుంది, ఓటు పోతే ఊరితో లంకె పోతుందన్న బెంగ. ఓటుకూ రేషన్ కార్డుకూ చట్టంలో ముడి లేకపోయినా జనం మనసులో ఉంది. పైగా సర్పంచ్ ఎన్నికలో ఒక్కో ఓటుకు విలువెక్కువ, పిలిచి మరీ రప్పిస్తారు. బెంగళూరు వార్డు ఎన్నికకు రమ్మని పిలిచే చుట్టం ఉండడు.

మార్చుకోవాలనుకున్నవాళ్లకూ అడ్డంకులున్నాయి. కొత్త ఓటుకు ఫారం 6. 2022 ఆగస్టు నుంచి చిరునామా మార్పుకు, అది వేరే నియోజకవర్గమైనా సరే, ఫారం 8. పనిగా చూస్తే ఫోన్‌లో పది నిమిషాలది. కానీ అద్దెకుండేవాళ్లు పదకొండు నెలల అగ్రిమెంట్ల మీద మున్నేకొళాల నుంచి పాణత్తూరుకు, అక్కడి నుంచి హూడికి మారుతుంటారు. ప్రతిసారీ వార్డు మారిపోతుంది. బూత్ స్థాయి అధికారి విచారణకు వచ్చేసరికి ఆ ఇంట్లో ఇంకొకరుంటారు. కొందరు ఓనర్లకు తమ అడ్రస్‌లో అద్దెవాళ్ల ఓట్లు నమోదవుతాయంటే టెన్షన్.

అందుకే ఇలాంటి వార్డులో జాబితా తెరిస్తే రెండు తప్పులూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఉన్నవాళ్ల పేర్లు లేవు, లేనివాళ్ల పేర్లు ఉన్నాయి. ఇంటి నంబరు గడిలో ఒకచోట ఫ్లాట్ నంబరు, ఒకచోట సైటు నంబరు, ఒకచోట వట్టి సర్వే నంబరు, ఒకచోట సున్నా. 2025 ఆగస్టులో కాంగ్రెస్ నేత రాహుల్ గాంధీ మహదేవపుర జాబితాలో లక్షకు పైగా దొంగ ఓట్లున్నాయని ఆరోపించడం, ఎన్నికల సంఘం దాన్ని తోసిపుచ్చడం దేశమంతా చూసింది. ఆ వివాదంలో ఎవరిది ఒప్పన్నది వేరే ప్రశ్న. జనం నిత్యం మారే చోట జాబితా నిత్యం పాతబడుతుందన్నది మాత్రం ఈ వార్డుల రోజువారీ వాస్తవం. వెళ్లిపోయినవాళ్ల పేర్లు మిగిలిపోవడం వల్ల పోలింగ్ శాతం కూడా ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

వార్డు ఎన్నికకు విడిగా ఓటరు నమోదు ఉండదు. అసెంబ్లీ జాబితానే రాష్ట్ర ఎన్నికల సంఘం వార్డులవారీగా విడగొట్టుకుంటుంది. 198 ముక్కల ఊరు 369 ముక్కలైనప్పుడు ఒకే రోడ్డులో ఎడమ పక్క టవర్ ఒక వార్డుకు, కుడి పక్క టవర్ ఇంకో వార్డుకు వెళ్లొచ్చు. అసలే చెల్లాచెదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ ఓటు ఇంకాస్త చీలుతుంది. గ్రామకంఠం మాత్రం ఒక్కచోటే గుత్తగా ఉంటుంది.

లెక్క కోసం ఒక ఊహా వార్డు తీసుకుందాం. జాబితాలో 18 వేలమంది. సగం మంది ఓటేస్తే 9 వేలు. ముగ్గురు గట్టి అభ్యర్థులుంటే 3,500 దగ్గర గెలుపు. పాత ఊళ్లో 600 కుటుంబాలు, ఇంటికి మూడు ఓట్లు, నూటికి ఎనభై మంది బూత్‌కు వస్తారు. అంటే 1,440 ఓట్లు. గెలుపుకు కావలసినదాంట్లో అయిదింట రెండు వంతులు ఊరి నుంచే వచ్చేశాయి. అదే వార్డులో వెయ్యి ఫ్లాట్ల సముదాయం ఉందనుకుందాం. పెద్దవాళ్లు రెండు వేలమంది. ఇక్కడ ఓటున్నవాళ్లు 700, వేసేవాళ్లు 350. అభ్యర్థి తన సమయం ఎక్కడ గడుపుతాడో వేరే చెప్పాలా?

ఇదే లెక్కను తిప్పి చూస్తే ఇంకోటి తెలుస్తుంది. వార్డు చిన్నదయ్యేకొద్దీ గెలుపుకు కావలసిన ఓట్లు తగ్గుతాయి. పాత 198 వార్డుల్లో సగటు జనాభా 42 వేలకు పైన ఉండేది, ఇప్పుడు అందులో దాదాపు సగం. ఆ వెయ్యి ఫ్లాట్లలో 700 బదులు 1,500 మందికి ఇక్కడే ఓటుండి, మూడింట రెండు వంతులు వేస్తే వెయ్యి ఓట్లు. ఊరి గుత్త ఓటుకు దగ్గరగా వచ్చేస్తాయి. పాత పెద్ద వార్డులో ఇది అసాధ్యం. కొత్త చిన్న వార్డులో కష్టమే గానీ సాధ్యం. పార్టీలకు ఈ సంగతి తెలుసు కాబట్టే అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాలకు నాయకుల రాక పెరిగింది.

## గెలిచాక చేతిలో ఏముంటుంది

అభ్యర్థులు ఇచ్చే మాటలు ఇప్పటికీ పంచాయతీ రోజుల మాటలే. నీళ్లు తెస్తా, ఖాతా చేయిస్తా. పంచాయతీ కాలంలో బోరు, నల్లా, ఖాతా నిజంగానే మెంబరు చేతి దూరంలో ఉండేవి. ఇప్పుడు నీరు, మురుగు జలమండలివి. కరెంటు బెస్కాంది. ట్రాఫిక్ పోలీసులది. ఈ సంస్థలన్నీ రాష్ట్ర ప్రభుత్వం కింద ఉన్నవే. పంచాయతీ నాటి రెవెన్యూ సైట్లకు (లేఅవుట్ అనుమతి లేని ప్లాట్లకు) బ్యాంకు లోను దొరకనివ్వని బి-ఖాతా, అంటే నిబంధనలకు సరిపోని ఆస్తులకిచ్చే ఖాతా, తెచ్చిన చిక్కు కూడా రాష్ట్ర స్థాయి నిర్ణయాలతో తేలాల్సిందే. కార్పొరేటర్‌కు మిగిలేవి వార్డు రోడ్లు, వాన నీటి కాల్వలు, పార్కులు, వీధిలైట్లు, చెత్తపై పర్యవేక్షణ, పన్ను, బడ్జెట్‌లపై ఓటు.

2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ ధరలు ఆకాశానికంటినప్పుడు రేట్లు కట్టడి చేసింది జిల్లా యంత్రాంగం. 5 కిలోమీటర్ల లోపు 6,000 లీటర్ల ట్యాంకర్‌కు 600 రూపాయలు, 12,000 లీటర్లకు 1,000. అప్పటికి పాలకమండలే లేదు. ఉన్నా ఆ రేటు దాని చేతిలో ఉండేది కాదు. అయితే ఏ వీధికి ముందు ట్యాంకర్ వస్తుంది, ఏ గుంత ముందు పూడుతుంది అన్నది వార్డులో పలుకుబడి ఉన్న మనిషి మాట మీదే నడుస్తుంది. అధికారం తక్కువ, పలుకుబడి ఎక్కువ ఉన్న ఈ పదవికి అదే తరహా మనుషులు పోటీపడటంలో వింతేమీ లేదు.

మేయర్ సంగతి ఇంకా దూరం. మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకోరు. 2015లో 198 వార్డుల్లో బీజేపీ 100 గెలిచింది. అయినా మేయర్ పీఠం కాంగ్రెస్‌కు, జేడీఎస్‌తో పొత్తులో దక్కింది. ఆ ఎన్నికలో ఎమ్మెల్యేలకు, ఎమ్మెల్సీలకు, ఎంపీలకూ ఓటుండటమే కారణం. అప్పట్లో మేయర్ పదవి ఏడాదే; కొత్త చట్టంలో అది 30 నెలలు.

## తెలుగు ఓటు అని ఒకటుందా

2011 లెక్కల్లో బెంగళూరు నగర జిల్లాలో సుమారు 14 శాతం మంది మాతృభాష తెలుగు. పార్టీల కరపత్రాల్లో కన్నడ పక్కన తెలుగు కనిపించడానికి ఆ అంకె చాలు. కానీ తూర్పు అంచులో తెలుగువాళ్లు రెండు రకాలు. వర్తూరు, సర్జాపుర వైపు తరతరాలుగా ఉంటూ ఇంట్లో తెలుగు, బయట కన్నడ మాట్లాడే రైతు కుటుంబాలు ఒకటి. గత పాతికేళ్లలో ఉద్యోగానికి వచ్చినవాళ్లు రెండోది. మొదటివాళ్లు ఊరి వైపున్నారు. భూమి, ఓటు, టికెట్ అన్నీ ఇక్కడే. రెండోవాళ్లు అద్దెదారులో ఫ్లాట్ ఓనర్లో. ఒకే భాష మాట్లాడినా ట్యాంకర్ ధర దగ్గర ఇద్దరి ప్రయోజనాలు ఎదురెదురు. కాబట్టి అభ్యర్థి తెలుగులో పలకరించినంత మాత్రాన గుత్తగా పడే ఓట్లేమీ ఉండవు. ఆ మాటకొస్తే పలకరించే అభ్యర్థి ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుతుండొచ్చు.

## తర్వాతి వరస

ఇదే క్రమం ఇప్పుడు నగరం బయటి వలయంలో మొదలైంది. ఆనేకల్ తాలూకాలో హెబ్బగోడి, బొమ్మసంద్ర, జిగణి, చందాపుర ఒకప్పుడు పంచాయతీలు, ఇప్పుడు పట్టణ సంస్థలు. ఫ్యాక్టరీ కార్మికుల్లో రాయలసీమ, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు గణనీయంగా ఉన్నారు. అక్కడ అద్దె ఇళ్లు ఇంకా చిన్నవి, మకాం మార్పులు ఇంకా తరచు, అగ్రిమెంట్ కాగితం చాలామందికి అసలే ఉండదు. కాగితం లేనిచోట చిరునామా రుజువు లేదు, రుజువు లేనిచోట ఫారం 8 ముందుకు కదలదు. తూర్పు వార్డుల్లో ఫ్లాట్ ఓనర్‌కు కనీసం పన్ను రసీదు, కరెంటు బిల్లు ఉంటాయి. జిగణి లైన్ ఇళ్లలో బిల్లు కూడా ఓనర్ పేరు మీదే వస్తుంది.